రోమాల వారసత్వం, హక్కులు: రాసిపెట్టేది ఎవరు, ఎవరి కోసం?

మీరు మూడు ప్రశ్నలు కలిపి అడిగారు. యూరప్‌లో బయటివాళ్లు జిప్సీలని పిలిచిన రోమా ప్రజల భాషను, పాటలను, ఆచారాలను కాపాడుకోవడం ముందా, మైనారిటీ హక్కులు సాధించుకోవడం ముందా అన్నది మొదటిది. వాళ్లు మన లంబాడాలకు చుట్టాలేనా అన్నది రెండోది. హైదరాబాద్‌లో ఎంఏ చదువుతూ దీని మీద ప్రాజెక్టు రాస్తున్న మీరు నిజంగా పనికొచ్చేది ఏం చేయగలరన్నది మూడోది. నేను భాషల డాక్యుమెంటేషన్ పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. మొదట మన తండాల్లో, తర్వాత మధ్య యూరప్‌లో పని చేశాను. అందుకని కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

సంస్కృతి ఒక ఫైలు, హక్కులు ఇంకో ఫైలు అన్నట్టు చాలా ప్రభుత్వాలు చూస్తాయి. సంస్కృతి శాఖ పండక్కి స్టేజీ వేయిస్తుంది, సంక్షేమ శాఖ ఇళ్ల సంగతి చూస్తుంది. రోమాల చరిత్ర చదివినవాళ్లు అలా విడదీయలేరు. వాళ్ల భాషను, వంశవృక్షాలను ఎంతో శ్రద్ధగా సేకరించినవాళ్లలో కొందరు, వాళ్లను గ్యాస్ చాంబర్లకు పంపిన యంత్రాంగంలో ఉద్యోగులే. కాబట్టి అన్నిటికంటే ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. రాసింది ఎవరు? ఎవరి కోసం రాశారు? ఆ కాగితం ఇవాళ ఎవరి దగ్గర ఉంది?

విషయం కొత్తవాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. యూరప్‌లో అతి పెద్ద మైనారిటీ రోమాలే. ఖండం మొత్తం మీద కోటి నుంచి కోటీ ఇరవై లక్షల మంది ఉంటారని అంచనా. అందులో దాదాపు 60 లక్షల మంది యూరోపియన్ యూనియన్ దేశాల్లో ఉన్నారు. అందరూ ఒకటే అనుకోవద్దు. రాగి, ఇనుప పనుల కాల్డెరాష్‌లు, గుర్రాల బేరాలు చేసిన లొవారీలు, వాద్యకారులైన లౌతారీలు, జర్మనీ సింటీలు, స్పెయిన్ హితానోలు, ఇలా ఎవరి దారి వాళ్లది. పూర్వీకులు వాయవ్య భారతం నుంచి వెళ్లారన్న విషయం 1780లలోనే భాషను బట్టి తేలింది. నీళ్లు వాళ్లకు పానీ, ముక్కు నాక్, మనిషి మనుష్. ఏడు, ఎనిమిది, తొమ్మిది అంకెలు మాత్రం గ్రీకు నుంచి తీసుకున్నారు, అంటే గ్రీకు మాట్లాడే పాత బైజాంటియం సామ్రాజ్యం నేల మీద తరాల తరబడి ఆగి ముందుకు కదిలారన్నమాట. 2012లో వచ్చిన జన్యు పరిశోధన కూడా సుమారు 1,500 ఏళ్ల కిందటి వాయవ్య భారతాన్నే చూపించింది.

యూరప్‌లో వాళ్లు చూసింది ఏమిటో కూడా తెలియాలి. ఇప్పటి రొమేనియాలో భాగమైన వలాకియా, మొల్దావియా సంస్థానాల్లో 14వ శతాబ్దం నుంచి 1855-56 దాకా రోమాలు బానిసలు. రాజులకు, మఠాలకు, జమీందార్లకు ఆస్తిగా లెక్క. స్పెయిన్‌లో 1749 జూలైలో రాజాజ్ఞతో వేలమందిని ఒకేసారి పట్టి బంధించారు. ఆస్ట్రియా రాణి మరియా థెరీసా పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర్నుంచి తీసుకుపోయి రైతు కుటుంబాలకు అప్పగించమంది. ఆమె కొడుకు రెండో జోసెఫ్ 1783లో భాషే మాట్లాడకూడదన్నాడు. ఇన్నిటి తర్వాత కూడా ఆ భాష ఇంకా లక్షలమంది నోట్లో ఉందంటే, దాన్ని ఎవరో కాపాడిపెట్టారని కాదు, ఇళ్లలో మాట్లాడుతూనే ఉన్నారని.

ఇప్పుడు లంబాడాల సంగతి. ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతారు. ఊరేగింపులో అద్దాల లంగా, చేతినిండా గాజులు కనిపిస్తే ఎవరికైనా పోలిక తడుతుంది. కానీ నేరుగా చుట్టరికం ఉందని చెప్పడానికి ఆధారం లేదు. లంబాడాల భాష గోర్ బోలీ రాజస్థానీ భాషలకు దగ్గర. లంబాడాలు దక్కన్‌కు పెద్ద సంఖ్యలో వచ్చింది 17వ శతాబ్దంలో, మొఘల్ సైన్యాలకు ఎడ్ల మీద ధాన్యం మోస్తూ. రోమాల పూర్వీకులు అంతకు కొన్ని వందల ఏళ్ల ముందే భారతం దాటేశారు. రెండూ ఇండో ఆర్యన్ భాషలే, రెండూ ప్రయాణాల్లో పెరిగిన సమాజాలే. అంతకు మించి అనడం తొందరపాటు. దుస్తుల పోలికతో వంశావళి రాయకండి. పైగా సగటు రోమా మహిళ ఇవాళ వేసుకునేది మామూలు జీన్సో, పని యూనిఫామో.

"వాళ్లు మన తప్పిపోయిన బిడ్డలు" అనే మాట గురించీ చెప్పాలి. మన దేశం రోమా ఉద్యమానికి చేసిన మేలు ఉంది. 1971 ఏప్రిల్ 8న లండన్ దగ్గర ఆర్పింగ్టన్‌లో మొదటి ప్రపంచ రోమానీ మహాసభ జరిగినప్పుడు భారత దౌత్యవేత్త, భాషావేత్త వీర్ రాజేంద్ర రిషి అక్కడ ఉన్నారు. నీలం, ఆకుపచ్చ రోమా జెండా మధ్యలో ఎర్రటి పదహారు ఆకుల చక్రం ఉంటుంది, అది మన ధర్మచక్రాన్ని గుర్తు చేసేదే. రిషి ఆ తర్వాత చండీగఢ్‌లో రోమా అధ్యయన సంస్థ పెట్టారు, 1976లో, 1983లో అక్కడ రోమా ఉత్సవాలు జరిగాయి. ఒక ప్రాచీన దేశం మమ్మల్ని తనవాళ్లని ఒప్పుకుందన్నది అప్పట్లో వాళ్లకు పెద్ద ధైర్యం. కానీ ఇదే మాటను యూరప్ జాతివాదులు తిరగేసి వాడతారు. ఇండియా వాళ్లే కదా, ఇండియాకే పొమ్మంటారు. ఆరువందల ఏళ్లకు పైగా అక్కడే ఉన్నవాళ్లు, అక్కడి పౌరులు. వాళ్లు అడుగుతున్న హక్కులన్నీ ప్రాగ్‌లో, బుఖారెస్ట్‌లో, మాడ్రిడ్‌లో అమలు కావాల్సినవి. మన ఆప్యాయత వాళ్ల పౌరసత్వాన్ని పలుచన చేసేలా ఉండకూడదు. ఈ విషయంలో నేను గట్టిగానే ఉంటాను.

రికార్డుల దగ్గరికి వస్తాను, నా అసలు జవాబు అక్కడే ఉంది.

నాజీల పాలనలో, 1936 తర్వాత, బెర్లిన్‌లో రాబర్ట్ రిట్టర్ అనే డాక్టర్ నడిపిన జాతి పరిశోధన కేంద్రం జర్మనీ అంతా తిరిగి సింటీ, రోమాల వంశవృక్షాలు తయారు చేసింది. తల కొలతలు, కళ్ల రంగు, రక్త నమూనాలు, ఫొటోలు, వేలిముద్రలు, ఎవరి తాత ఎవరు, ఏ ఊరి చర్చిలో పేరు నమోదైంది, అన్నీ. ఆయన సహాయకురాలు ఎవా యుస్టిన్ రోమానీ భాష నేర్చుకుంది. భాష వచ్చిన మనిషి అని జనం నమ్మి ఇళ్లలోకి రానిచ్చారు, ముసలమ్మలు బంధువుల పేర్లు చెప్పారు. ఆ పేర్ల మీదే సుమారు 24 వేల "నిపుణుల అభిప్రాయాలు" తయారయ్యాయి, ఎవరిని నిర్బంధ క్యాంపుకు పంపాలో పోలీసులు నిర్ణయించింది వాటిని చూసే.

ముల్ఫింగెన్ అనే ఊళ్లో ఒక కాథలిక్ అనాథాశ్రమం ఉండేది. తల్లిదండ్రులను క్యాంపులకు పంపేశాక సింటీ పిల్లల్ని అక్కడికి చేర్చారు. యుస్టిన్ తన డాక్టరేట్ కోసం ఆ పిల్లల మీదే పరిశోధన చేసింది. ఆటలు ఆడించింది, చెట్లెక్కించింది, పళ్లు ఏరించింది, అదంతా సినిమా కెమెరాతో తీయించింది. ఆమె పని అయ్యేదాకా పిల్లల్ని పంపకుండా ఆపారు. పని అయిపోయింది. 1944 మే 9న 39 మంది పిల్లల్ని ఆష్విట్జ్ మృత్యు క్యాంపుకు పంపారు. బతికి బయటపడింది నలుగురు. ఆ ఏడాది ఆగస్టు 2 రాత్రి ఆష్విట్జ్‌లోని "జిప్సీ క్యాంపు" మొత్తాన్ని ఖాళీ చేసి, మిగిలిన దాదాపు 4,300 మందిని చంపేశారు. యూరప్ అంతటా నాజీలు, వాళ్ల మిత్రపక్షాలు చంపిన రోమాలు, సింటీలు 2 లక్షల నుంచి 5 లక్షల మంది అని చరిత్రకారుల అంచనా.

ఇవాళ చాలా సింటీ కుటుంబాలు తమ భాషను బయటివాళ్లకు నేర్పవు. నిఘంటువు అచ్చేయొద్దంటాయి, బడిలో పాఠంగా పెట్టొద్దంటాయి. మనలాంటి భాషాభిమానులకు ఇది మింగుడు పడదు, భాష చచ్చిపోతుందే అని కంగారు పడతాం. ముల్ఫింగెన్ తెలిశాక ఆ నిరాకరణ ఎంత సహేతుకమో అర్థమవుతుంది. వాళ్ల భాషను ఎవరికి ఇవ్వాలో నిర్ణయించుకోవడం కూడా వాళ్ల హక్కే, అదీ వాళ్ల వారసత్వంలో భాగమే.

యుద్ధం అయిపోయాక న్యాయం జరిగిందా అంటే, లేదు. 1956లో పశ్చిమ జర్మనీ అత్యున్నత న్యాయస్థానం, 1943కు ముందు వాళ్లను తరలించింది జాతి కారణంగా కాదు, వాళ్ల "సంఘవ్యతిరేక" ప్రవర్తన వల్లే అని తీర్పిచ్చి పరిహారం దారులు మూసేసింది. రిట్టర్, యుస్టిన్ ఇద్దరూ ఫ్రాంక్‌ఫర్ట్ నగరపాలక సంస్థలో ఉద్యోగాలు చేసుకున్నారు. ఆ వంశవృక్షాలు, కొలతలు చేతులు మారుతూ కొంత భాగం ట్యూబింగెన్ విశ్వవిద్యాలయానికి చేరాయి, వాటి మీద పరిశోధనలూ సాగాయి. బాధితుల తల కొలతలు బాధితులకు తెలియకుండానే అప్పటికీ వాడుతూ వచ్చారు!

దీన్ని మార్చింది సింటీలే. 1980 ఏప్రిల్‌లో పన్నెండు మంది డాహౌ పాత క్యాంపు స్థలంలో నిరాహారదీక్షకు కూర్చున్నారు. వాళ్లలో క్యాంపుల నుంచి బతికొచ్చినవాళ్లు ఉన్నారు. నాజీ కాలపు ఫైళ్లు ఇంకా పోలీసుల దగ్గర ఎందుకున్నాయో చెప్పాలన్నది వాళ్ల డిమాండ్లలో ఒకటి. 1981 సెప్టెంబరులో ఒక బృందం ట్యూబింగెన్ విశ్వవిద్యాలయ ఆర్కైవ్‌లోకి వెళ్లి బైఠాయించింది. ఆ కాగితాలను కోబ్లెంజ్‌లోని జాతీయ ఆర్కైవ్‌కు తరలించేదాకా కదల్లేదు. 1982 మార్చి 17న చాన్సలర్ హెల్ముట్ ష్మిట్ అది జాతిహత్య అని అధికారికంగా ఒప్పుకున్నారు. బెర్లిన్‌లో స్మారకం లేవడానికి 2012 దాకా పట్టింది.

మన దగ్గరా దీనికి దగ్గరి కథ ఉంది, ప్రాజెక్టులో మీరు వాడుకోవచ్చు. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తింపజేశారు. ఎరుకల లాంటి సమాజాల పేర్లు రిజిస్టర్లలో ఎక్కించి, వేలిముద్రలు తీసుకుని, రోజూ హాజరు వేయించారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా పుట్టిన సెటిల్‌మెంటే. సరిగ్గా అదే కాలంలో, 1912లో, ఫ్రాన్స్ సంచారులందరికీ శరీర కొలతలు, వేలిముద్రలు ఉన్న పుస్తకం తప్పనిసరి చేసింది. ఏ ఊళ్లో ఆగినా దాని మీద ముద్ర వేయించుకోవాలి. మన చట్టం 1952లో పోయింది. ఫ్రాన్స్‌లో ఆ పుస్తకం 1969లో పేరు మార్చుకుని, పూర్తిగా రద్దయ్యేసరికి 2017 అయింది.

అయితే రికార్డులే వద్దా? అలా అనలేం. అదే రికార్డు వాళ్ల చేతిలో ఎంత బలమో చెక్ రిపబ్లిక్‌లోని ఓస్ట్రావా చూపించింది.

ఓస్ట్రావాలో రోమా పిల్లల్ని ఆరేళ్లకే ఒక సైకాలజీ పరీక్ష పెట్టి "మానసిక వెనుకబాటు" ఉన్నవాళ్ల ప్రత్యేక బడులకు పంపేవాళ్లు. ఆ బడి చదివితే మామూలు హైస్కూలుకు దారి ఉండదు. తల్లిదండ్రుల సంతకం ఉందిగా అని అధికారులు అనేవాళ్లు. వివక్ష అని నిరూపించాలంటే లెక్కలు కావాలి. ప్రభుత్వం దగ్గరేమో జాతిపరమైన లెక్కలు లేవు. అప్పుడు బుడాపెస్ట్ కేంద్రంగా 1996లో ఏర్పడిన యూరోపియన్ రోమా హక్కుల కేంద్రం బడుల వారీగా వివరాలు సేకరించింది. ఓస్ట్రావా ప్రాథమిక విద్యార్థుల్లో రోమాలు 2.26 శాతం. ప్రత్యేక బడుల్లో మాత్రం 56 శాతం. రోమా పిల్లల్లో సగానికి పైగా ప్రత్యేక బడుల్లో ఉంటే, రోమాలు కాని పిల్లల్లో 1.8 శాతమే. అంటే రోమా పిల్ల అక్కడికి వెళ్లే అవకాశం 27 రెట్లు ఎక్కువ.

18 మంది పిల్లల తరఫున కేసు స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్లింది. 2006లో ఓడిపోయారు. పై ధర్మాసనానికి వెళ్తే 2007 నవంబరు 13న 13-4 తేడాతో గెలిచారు. డి.హెచ్. అండ్ అదర్స్ వర్సెస్ చెక్ రిపబ్లిక్ అని వెతికితే తీర్పు ఉచితంగా దొరుకుతుంది, ఈ రంగంలో ఒక్క తీర్పే చదవగలిగితే అదే చదవండి. ఎవరో కావాలని కుట్ర చేశారని చూపించనక్కర్లేదు, ఒక విధానం ఫలితం ఒక సమాజం మీదే పడుతోందని లెక్కలు చెప్తే చాలు, తప్పు లేదని నిరూపించుకోవాల్సింది ప్రభుత్వమే అని కోర్టు అంది. తల్లిదండ్రుల సంతకంతో పిల్లల హక్కు పోదని కూడా అంది. ఒక్కొక్కరికి 4,000 యూరోల పరిహారం. అప్పటికే ఆ పిల్లలు పెద్దవాళ్లయిపోయారు.

తీర్పు వచ్చాక బడులు మారాయా అంటే, బోర్డులు త్వరగా మారాయి, తరగతి గదులు చాలా మెల్లగా మారాయి. 2016లో చట్టం కొంత సరిదిద్దారు. వేరు చేసే అలవాటు ఇంకా పోలేదు. తీర్పు గెలిచాక దాని వెంట పదేళ్లు, ఇరవై ఏళ్లు పడేవాళ్లు ఉండాలి. ఆ పని పేపర్లలో రాదు.

సంస్కృతి, హక్కు ఎలా ముడిపడి ఉంటాయో చూడటానికి నాకు బాగా నచ్చే కేసు స్పెయిన్‌ది, మున్యోస్ దియాస్ వర్సెస్ స్పెయిన్. ఆమె హితానో మహిళ. 1971లో తమ సంప్రదాయం ప్రకారం, పెద్దల సమక్షంలో పెళ్లి. ఆరుగురు పిల్లలు. భర్త తాపీమేస్త్రీ, 19 ఏళ్లకు పైగా సామాజిక భద్రత చందా కట్టాడు. ప్రభుత్వమే వాళ్లకు కుటుంబ పుస్తకం ఇచ్చింది. మన రేషన్ కార్డులాగా భార్య, భర్త, పిల్లల పేర్లు ఉండే పుస్తకం. పెద్ద కుటుంబం కింద రాయితీలూ ఇచ్చింది. 2000లో భర్త చనిపోయాడు. వితంతు పింఛనుకు దరఖాస్తు చేస్తే, చట్ట ప్రకారం నీకు పెళ్లే కాలేదు పొమ్మన్నారు.

2009 డిసెంబరులో స్ట్రాస్‌బర్గ్ కోర్టు ఆమె పక్షాన తీర్పిచ్చి 70,000 యూరోలు ఇప్పించింది. అయితే జాగ్రత్తగా చదవాలి. రోమా పెళ్లిళ్లను ప్రభుత్వం గుర్తించి తీరాలని కోర్టు అనలేదు, ఆ వాదనను ఒప్పుకోలేదు కూడా. ఇన్నేళ్లు ఆమెను భార్యగా రాసి ఇచ్చిన ప్రభుత్వం, డబ్బు ఇవ్వాల్సిన రోజున కాదనకూడదని మాత్రమే అంది. ఆచారాన్ని నేరుగా కాపాడలేకపోయినా, ఆ ఇంటి పుస్తకం ఆమెను కాపాడింది.

ఇంకో చీకటి కోణం స్టెరిలైజేషన్లు. చెకోస్లొవేకియాలోనూ, విడిపోయాక రెండు దేశాల్లోనూ, రోమా మహిళలకు కాన్పు సమయంలో సరైన సమ్మతి లేకుండా గర్భం రాకుండా ఆపరేషన్లు చేశారు. 2011లో తీర్పు వచ్చిన స్లొవేకియా కేసులో, నొప్పుల మధ్య ఉన్న మనిషి చేత సంతకం పెట్టించారు. ఆమె ఆసుపత్రి ఫైల్లో "రోగి రోమా" అని రాసి ఉంది. చికిత్సకు ఆ మాటతో ఏం పని? చెక్ ప్రభుత్వం 2021లో చట్టం చేసి ఒక్కొక్కరికి 3 లక్షల క్రౌన్ల పరిహారం ప్రకటించింది. తీరా చాలామంది ఆసుపత్రి ఫైళ్లు ఎప్పుడో నాశనం చేసేశారు. రుజువు లేదని మొదట్లో దరఖాస్తులు తిరగగొట్టారు, కోర్టులు కలగజేసుకోవాల్సి వచ్చింది. ఆ ఫైళ్లు ఎంతకాలం ఉంచాలో తేల్చినవాళ్లలో ఆ మహిళలు లేరు.

స్మారకాల గురించి ఒక్క ఉదాహరణే చెప్తాను. చెక్ దేశంలో లెటీ అనే ఊరి దగ్గర 1942-43లో రోమాల క్యాంపు నడిచింది. కాపలాదారులు చెక్ పోలీసులే. సుమారు 1,300 మందిని అక్కడికి తెచ్చారు, 300 మందికి పైగా అక్కడే చనిపోయారు, వాళ్లలో పిల్లలు చాలామంది. 500 మందికి పైగా ఆష్విట్జ్‌కు పంపారు. 1970లలో ఆ స్థలం మీద పందుల ఫారం కట్టారు. బతికున్నవాళ్లు, వాళ్ల పిల్లలు పూలు తీసుకుని వచ్చేది ఆ వాసనలోనే. దశాబ్దాల పోరాటం తర్వాత ప్రభుత్వం 45 కోట్ల క్రౌన్లు పెట్టి ఫారాన్ని కొని, 2022లో కూల్చడం మొదలుపెట్టింది. 2024లో స్మారకం తెరిచారు. దాన్ని నడిపేది బ్రనో నగరంలోని రోమా సంస్కృతి మ్యూజియం. ఆ మ్యూజియాన్ని 1991లో మొదలుపెట్టింది రోమా మేధావులే, అందుకే అది అక్కడి రోమాలకు తమ ఇల్లులా ఉంటుంది. వెళ్లే అవకాశం వస్తే తప్పక చూడండి.

యుద్ధానికి ముందు చెక్ ప్రాంతాల్లో ఉన్న రోమాలలో పదోవంతే మిగిలారు. బొహీమియా రోమానీ మాండలికం మాట్లాడేవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు. ఇప్పుడక్కడ వినిపించేది స్లొవేకియా నుంచి తర్వాత వచ్చినవాళ్ల భాష.

భాష విషయంలో చట్టాలు ఏం చేస్తున్నాయంటే, ప్రాంతీయ, మైనారిటీ భాషల యూరోపియన్ చార్టర్ 1998లో అమల్లోకి వచ్చింది. అందులో బలమైన బాధ్యతలన్నీ ఒక భూభాగంతో ముడిపెట్టారు. రోమానీకి అలాంటి భూభాగం లేదు కాబట్టి చాలా దేశాల్లో సాధారణ సూత్రాలతో సరిపెట్టారు. హంగరీ, స్లొవేకియా లాంటి కొన్ని దేశాలు ఒక అడుగు ముందుకేశాయి. ఉత్తర మాసిడోనియా రాజధాని స్కోప్యెలోని షూతో ఒరిజారి మునిసిపాలిటీలో రోమాలే ఎక్కువ, అక్కడ రోమానీ అధికార భాషల్లో ఒకటి. రొమేనియాలో 1990ల నుంచి ప్రభుత్వ బడుల్లో రోమానీ పాఠాలు ఉన్నాయి. స్లొవేనియాలో 20 మునిసిపాలిటీల్లో ఒక కౌన్సిలర్ సీటు రోమాలకు కేటాయించారు. మన పంచాయతీ రిజర్వేషన్లు తెలిసినవాళ్లకు దాని విలువ, దాని పరిమితి రెండూ తెలుసు. యూరోపియన్ యూనియన్ 2020లో కొత్త రోమా వ్యూహం ప్రకటించింది, 2030 దాని గడువు. 2021 సర్వేలో చూస్తే, సర్వే చేసిన దేశాల్లో రోమాలలో 80 శాతం పేదరికపు అంచునే ఉన్నారు. కరెంటు లేని ఇంట్లో ఉన్న అమ్మమ్మను మనవడికి పాట నేర్పమని మనం అడగలేం.

బయటివాళ్లు ఈ పనికి పనికిరారా? వస్తారు. మిలేనా హుబ్ష్‌మనోవా అనే చెక్ పండితురాలు ప్రాగ్‌లో హిందీ, ఉర్దూ, బెంగాలీ చదువుకుంది. విద్యార్థిగా ఉండగా కూలిపని చేసే రోమాల మాటలు చెవిన పడి, ఇవి నాకు అర్థమవుతున్నాయే అనుకుంది. ఆ తర్వాత జీవితమంతా వాళ్ల వాడల్లోనే గడిపింది. కథలు రికార్డు చేయడంతో ఆగలేదు. చెప్పేవాళ్లనే కలం పట్టమని వెంటపడింది. మా భాషలో రాయడమా అని నవ్వినవాళ్లే తర్వాత రచయితలయ్యారు. 1991లో చార్లెస్ విశ్వవిద్యాలయంలో రోమానీ అధ్యయనాల కోర్సు మొదలైంది ఆమె వల్లే. యుస్టిన్‌కూ ఆ భాష వచ్చు, ఈమెకూ వచ్చు. ఈమె రాసింది ఎవరికి చేరిందో చూస్తే చాలు.

ఇప్పుడు మీరు చేయగలిగింది.

ఇప్పటికే ఉన్నదాన్ని ముందు వాడుకోండి. 2019లో రోమార్కైవ్ అనే డిజిటల్ ఆర్కైవ్ తెరిచారు. సంగీతం, నాట్యం, సినిమా, సాహిత్యం, హక్కుల ఉద్యమం, ఏ విభాగంలో ఏం పెట్టాలో తేల్చడంలో ముందున్నది రోమాలే. బెర్లిన్‌లో 2017లో మొదలైన యూరోపియన్ రోమా కళా సంస్కృతి సంస్థ పని కూడా చూడండి. పాత ఫొటోలు వాడేటప్పుడు ఆలోచించండి. నాజీ పరిశోధకులు తీసిన ఫొటోలు ఇంటర్నెట్‌లో విరివిగా తిరుగుతుంటాయి. అందులో ఉన్నవాళ్లను తర్వాత చంపేశారు, ఫొటోకు వాళ్లను అడిగిందీ లేదు. పవర్‌పాయింట్‌లో అందం కోసం అలాంటివి పెట్టకండి.

రెండోది, తెలుగులో రాయండి. డి.హెచ్. తీర్పు సారాంశం, మున్యోస్ దియాస్ కథ తెలుగులో సులభంగా చెప్తే మన దగ్గర లా చదివేవాళ్లకు, విముక్త జాతుల, అంటే ఒకప్పుడు నేరస్థ తెగల చట్టం కింద ఉన్న సమాజాల, సంఘాల్లో పనిచేసేవాళ్లకు నేరుగా పనికొస్తుంది. ఉద్దేశం నిరూపించకుండా లెక్కలతో వివక్ష నిరూపించడం అనేది మన వసతి గృహాలు, బడుల విషయంలోనూ వాడదగ్గ ఆయుధం.

మూడోది, మీకు అందుబాటులో ఉన్న తండాలో పని మొదలుపెట్టండి, అదీ రోమాల అనుభవం గుర్తు పెట్టుకుని. గోర్ బోలీకి సొంత లిపి స్థిరపడలేదు. అదే సమాజం తెలంగాణ, ఆంధ్రలో ఎస్టీ, కర్ణాటకలో ఎస్సీ, మహారాష్ట్రలో విముక్త జాతి. సరిహద్దు దాటితే హక్కు మారిపోతుంది. తీజ్ పాటలు రికార్డు చేయాలనుకుంటే ఫోన్ బయటికి తీయకముందే కూర్చుని మాట్లాడండి. పాడిన ఆమె పేరు పెట్టమంటుందా, వద్దంటుందా? ఎవరి దగ్గర నేర్చుకుంది? యూట్యూబ్‌లో పెట్టొచ్చా, తండా వరకేనా? చావుకు పాడే పాటైతే పెళ్లి వీడియో పక్కన ఉంచొచ్చా? ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని, చదివి వినిపించి, తర్వాత రికార్డు చేయండి. కాపీ అదే రోజు వాళ్ల ఫోన్లోకి పంపండి. తర్వాత ఎప్పుడైనా తీసేయమంటే తీసేస్తానని మాట ఇవ్వండి, ఇచ్చాక నిలబెట్టుకోండి. తండాలో చదువుకున్న అమ్మాయో అబ్బాయో మీతో సహ రచయితగా ఉంటే ఇంకా మంచిది. పేపర్‌లో కృతజ్ఞతల దగ్గర కాదు, పైన మీ పేరు పక్కన.

ప్రాజెక్టుకు అంశం ఇంకా తేల్చుకోలేదన్నారు కదా, నాకు తోచింది ఒకటుంది. 1911 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలో ఎరుకలను నమోదు చేసిన పద్ధతిని, 1912 ఫ్రాన్స్ సంచారుల పుస్తకంతో పక్కపక్కన పెట్టి చూడండి. ఫ్రెంచ్ వైపు ఇంగ్లిష్‌లో రాసినవి చాలానే దొరుకుతాయి. మన వైపు ప్రభుత్వ ఉత్తర్వుల కోసం చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. గైడ్ సంతకంతో పరిచయ పత్రం ముందే తీసుకోండి. వీలైతే ఎరుకల కుటుంబాల నుంచి చదువుకున్న ఒకరిని తోడు తీసుకెళ్లండి. ఆ ఫైళ్లలో వాళ్ల ముత్తాతల పేర్లు ఉండొచ్చు, వాటిని మీకంటే ముందు వాళ్లు చదవాలి.